స్టెప్నీ లేని బండి

కారు కొనేటప్పుడు ముందు డిక్కీ తెరిచి చూడాలి. మా రోజుల్లో బేరం అక్కణ్ణుంచే మొదలయ్యేది. స్టెప్నీ ఉందా, దాని టైరుకు గ్రిప్పు ఎంత మిగిలింది, జాకీ పైకి లేస్తుందా, వీల్ స్పానర్ నట్టుకు సరిగ్గా పడుతుందా, ఇవన్నీ తేలాకే ఇంజను మాట, రంగు మాట. ఇప్పుడు ఇక్కడ కెనడాలోని బ్రాంప్టన్‌లో మన పిల్లలు కారు కొంటుంటే నన్నూ తోడు రమ్మంటారు. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సీటు ఎంతసేపట్లో వేడెక్కుతుంది, కెమెరాలు ఎన్ని అని అడుగుతారు. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడమని నేనంటే సేల్స్‌మన్ మొహమూ మా పిల్లల మొహమూ ఒక్కలాగే మారిపోతాయి. ఎత్తి చూస్తే ఏముంటుంది? చక్రం పెట్టాల్సిన గుంటలో ఓ థర్మోకోల్ దిమ్మ, అందులో చిన్న కంప్రెసర్, పక్కన జిగురు సీసా. అంతే.

దీని మీద నాకు కోపముంది. ఆ కోపానికి కారణం కూడా ఉంది.

నేను విజయవాడ నుంచి ఒంగోలు, విశాఖ అంబాసిడర్‌లో తిరిగిన రోజుల్లో చక్రం చెడితే ఎక్కడికక్కడ బాగుచేసేవాళ్ళు. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు పదహారంటున్నారు, దాని పొడుగునా పంక్చర్ షాపులే. ఓ తాటాకు పాక, ముందు కర్రకు వేలాడదీసిన పాత టైరు, పక్కన సగానికి కోసిన డ్రమ్ములో మురికినీళ్ళు. చాలా షాపుల్లో కేరళ నుంచి వచ్చినవాళ్ళు పనిచేసేవాళ్ళు. అర్ధరాత్రి లేపినా విసుక్కోకుండా లేచేవాళ్ళు. లీవర్లు రెండు దూర్చి టైరును రిమ్ము మీంచి ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచి తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు లేచేవి. ఆ చోట గుర్తు పెట్టి, గరుకుగా గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఊది, ప్యాచ్ వేసి సుత్తితో తట్టేవాడు. ఆ తర్వాత టైరు లోపలికి చెయ్యి పెట్టి చుట్టూ మెల్లగా తడిమేవాడు. గుచ్చుకున్న మేకు ఇంకా అక్కడే ఉంటే కొత్త ప్యాచ్ పది మైళ్ళు కూడా నిలవదని అతనికి తెలుసు. అతని చేతులకు ఎన్ని గాట్లుండేవో నేను చూశాను.

రిమ్ము సొట్టపోతే అదీ అక్కడే తీసేవాడు. ఉక్కు రిమ్ము గనక మొద్దు మీద ఆనించి సమ్మెటతో కొడితే మళ్ళీ గుండ్రంగా వచ్చేది. మరీ వంకరపోతే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. మనం టీ తాగి, పక్క బెంచీ మీద పేపరు తిరగేసేలోపు బండి సిద్ధం.

బాగుచేసే మనిషి అంత దగ్గర్లో ఉన్నా సరే, ఒక్క బండీ స్టెప్నీ లేకుండా ఊరు దాటేది కాదు. ఇక్కడ సంగతి చూడండి. అల్లాయ్ రిమ్ము పగిలితే అదే మోడల్ రిమ్ముకు ఆర్డరు పెట్టాలి, అది రావడానికి రోజులు పడుతుంది. మన సైజు టైరు షాపులో ఉండదు. నవంబరులో, ఏప్రిల్‌లో ఊరంతా వింటర్, సమ్మర్ టైర్లు మార్పించుకునే వేళ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. చక్రం గంటలో బాగయ్యే కాలంలో ఇంకో చక్రం వెంట మోసుకెళ్ళాం. బాగు కావడానికి వారం పట్టే కాలంలో ఆ చక్రాన్ని బండిలోంచి తీసేశారు. నా గోడంతా ఇదే. చెడిన రోజుకీ బాగయ్యే రోజుకీ మధ్య మనిషి ఎలా బతకాలన్నది బండి తయారుచేసేవాడు ఆలోచించడం మానేశాడు.

తొలి కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. టైరు పోతే దారిపక్కన కూర్చుని, ఎండయినా వానయినా అక్కడే బాగుచేసుకోవాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లి ఊళ్ళో, స్టెప్నీ స్ట్రీట్‌లో ఇనుప సామాన్ల దుకాణం నడిపే డేవీస్ అన్నదమ్ములు దీనికి ఉపాయం కనిపెట్టారు. గాలి నింపిన టైరు తొడిగిన ఒక రిమ్ము, చువ్వలు లేనిది. దాన్ని చెడిన చక్రానికి ఆనించి బిగిస్తే ఇంటిదాకా వెళ్ళిపోవచ్చు. స్టెప్నీ వీల్ పేరుతో అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఇప్పుడు కార్ల కంపెనీలు మనల్ని దానికంటే వెనక్కి తీసుకుపోతున్నాయి. ముందు నిండు చక్రం తీసి సన్న చక్రం పెట్టారు, ఇక్కడివాళ్ళు డోనట్ అంటారు. తర్వాత డోనట్ తీసి సీసా పెట్టారు. కొన్ని బండ్లలో సీసా కూడా లేదు, ఫోన్ నంబరే. అమెరికాలోని ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంస్థ 2015 మోడల్ కార్లను లెక్క తీస్తే మూడో వంతుకు పైగా బండ్లకు కంపెనీ ఇచ్చే స్పేర్ చక్రం లేదని తేలింది. కొన్ని కిలోల బరువు తగ్గితే మైలేజీ కాస్త పెరుగుతుందట, కంపెనీకి ఖర్చూ తగ్గుతుంది. మిగిలింది వాళ్ళకు, చలిలో రోడ్డు పక్కన నిలబడేది మనం.

ఆ సీసా దేనికి పనికొస్తుందో కూడా చెప్పాలి. టైరు నేలకు ఆనే భాగంలో సన్న మేకు దిగి చిన్న చిల్లి పడితే, జిగురు లోపల పరుచుకుని తాత్కాలికంగా మూస్తుంది. పక్కగోడ చిరిగినా, రిమ్ము వంగినా అది ఎందుకూ కొరగాదు. సీసాకు గడువు తేదీ కూడా ఉంటుంది, నాలుగైదేళ్ళు దాటితే లోపలి జిగురును నమ్మడానికి లేదు. మరి ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రాంప్టన్‌లో చక్రాన్ని దెబ్బతీసేది ఏది? గుంత. గుంత దెబ్బ తగిలేది పక్కగోడకే, రిమ్ముకే. అంటే ఈ ఊరికి వచ్చే జబ్బు ఒకటి, వాళ్ళు ఇచ్చే మందు ఇంకొకటి.

ఈ గుంతలు మన ఊరి వానాకాలపు గుంతల్లాంటివి కావు. పగలు కరిగిన మంచు నీరు తారు పగుళ్ళలోకి దిగుతుంది. రాత్రి గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, తారును పైకి నెడుతుంది. మర్నాడు మళ్ళీ కరిగి కింద ఖాళీ ఏర్పడుతుంది, దాని మీదుగా ఓ ట్రైలర్ లారీ వెళ్తే పైపెచ్చు ఊడిపోతుంది. బ్రాంప్టన్ లారీల ఊరు. స్టీల్స్ అవెన్యూ, ఎయిర్‌పోర్ట్ రోడ్ల వెంట గోదాములు ఎన్నో, వాటికి వచ్చిపోయే లారీలు ఎన్నో చూస్తూనే ఉంటారు కదా. ఆ గుంత నిండా నల్లటి మంచుబురద ఉంటే దాని లోతు ఎవరికీ కనిపించదు.

ఇక చక్రాలు. మా రోజుల్లో ఇక్కడి కార్లకు 205/75, పదిహేను అంగుళాల టైర్లు ఎక్కువగా ఉండేవి. లెక్క కట్టండి, పక్కగోడ ఎత్తు పదిహేను సెంటీమీటర్ల పైనే. ఇప్పుడు అందం కోసం 235/40, పందొమ్మిది అంగుళాలు వేస్తున్నారు. పక్కగోడ దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. గుంత దెబ్బను మింగడానికి ఉన్న రబ్బరు మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. ఆ దెబ్బంతా రిమ్ము మీద పడుతుంది. ఉక్కయితే వంగుతుంది, అల్లాయ్ అయితే వంగడమే కాదు, పగులుతుంది కూడా. వేడిచేసి వంకర సరిచేసే షాపులు ఇక్కడా ఉన్నాయి గానీ, పగిలిన రిమ్ముకు వెల్డింగ్ పెట్టి హైవే ఎక్కడం నేను ఒప్పుకోను.

నష్టపరిహారం అడుగుదామంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. 410 హైవే ఒంటారియో ప్రావిన్సుది, ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఇన్నాళ్ళూ పీల్ రీజియన్‌ది, మన ఇంటి వీధి నగరానిది. మున్సిపల్ రోడ్డయితే పది రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఒంటారియోలో రోడ్ల నిర్వహణకు కనీస ప్రమాణాలని 239/02 నంబరుతో ఒక నిబంధన ఉంది. దాని ప్రకారం తారు రోడ్డులో గుంత ఎనిమిది సెంటీమీటర్ల కంటే లోతై, నిర్ణయించిన వైశాల్యం దాటితేనే లెక్క. దాటినా, సంగతి తెలిశాక పూడ్చడానికి రోడ్డు తరగతిని బట్టి నాలుగు నుంచి ముప్ఫై రోజుల గడువు. ఆ గడువు పాటించారంటే మన నోటీసు వృథా. ఇన్సూరెన్స్‌కు వెళ్తే గుంతలో పడటాన్ని గుద్దుకోవడం కిందే రాస్తారు, తప్పు మన మీదికి వస్తుంది. బ్రాంప్టన్‌లో ప్రీమియం ఎంత కడుతున్నామో అందరికీ తెలుసు, దాన్ని ఇంకా పెంచుకునే ధైర్యం ఎవరికుంది? అయినా గుంతకు ఫొటో తీయండి, తేదీ, చోటు రాసుకోండి, నగరం వాళ్ళ 311 నంబరుకు చెప్పండి. మీకు డబ్బు రాకపోయినా వెనక వచ్చేవాడి చక్రం దక్కుతుంది.

దెబ్బ తగిలాక ఏం చేయాలో మాకు పెద్ద డ్రైవర్లు నేర్పారు. ఇప్పుడు నేర్పేవాళ్ళు లేరు గనక చెబుతున్నాను. స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి, బ్రేకు మీద ఒక్కసారిగా నిలబడకూడదు. నాలుగు ఇండికేటర్లూ వేసి, మెల్లగా దగ్గరి ఎగ్జిట్‌లో దిగి ఏదైనా ప్లాజా పార్కింగ్‌లోకి తీసుకెళ్ళాలి. దిగి చూడాలి. పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే. ఆ టైరుకు ప్యాచ్ ఉండదు, దాని మీద ఇల్లు చేరదామన్న ఆశ వద్దు. టైరు బాగానే ఉండి గాలి మాత్రం సన్నగా పోతుంటే రిమ్ము అంచు మీద సబ్బునీళ్ళు పోయండి, వంకర ఉన్నచోట నురగ లేస్తుంది. గాలి లేని టైరు మీద నాలుగు వీధులు నడిపితే ప్యాచ్‌తో పోయేది కాస్తా టైరు, రిమ్ము రెండూ మింగుతుంది.

ఈ మధ్యే, ఫిబ్రవరిలో, షెరిడన్ కాలేజీలో చదివే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి సెకండ్‌హ్యాండ్ కారుకు అదృష్టవశాత్తూ డోనట్ ఉంది. "మావయ్యా, నట్లన్నీ ఊడదీశాను, చక్రం రావడం లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే జాకీ మీద కారు, చేతులు ఎర్రగా కమిలిపోయి వాడు. నట్లు తీసినా చక్రం హబ్బుకు అతుక్కుపోయి ఉంది. ఈ దేశంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు హబ్బు తుప్పుపట్టి, రిమ్ముతో కలిసిపోతుంది. ఆంధ్రాలో నేనెప్పుడూ చూడని సంగతి ఇది, ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. నట్లు మళ్ళీ చేత్తో కొంచెం ఎక్కించి, బండిని కిందికి దింపి, తర్వాత జాకీ ఎత్తి, టైరు పక్కగోడ మీద మడమతో ఇటు నుంచి ఓసారి, అటు నుంచి ఓసారి తన్నమన్నాను. నట్లు అలా వదులుగా ఉంచితే చక్రం ఊడినప్పుడు కాలి మీద పడదు. మూడో తన్నుకు టప్‌మని ఊడింది. హబ్బు మీది తుప్పు పెచ్చులు వైరు బ్రష్షుతో గీకించాను. వాడు ఇంజనీరింగ్ చదివినవాడు, నట్టు ఎటు తిప్పాలో ఫోన్‌లో చూసుకున్నాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. వాడికి ఎవరూ చూపించలేదు, వాడి కారు ఎప్పుడూ అడగలేదు.

డోనట్ గురించి రెండు మాటలు. దాని మీద ఎనభై కిలోమీటర్ల వేగం దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. అంటే 410 మీద దాన్ని నడపకండి, లోపలి రోడ్ల మీదే వెళ్ళండి. అందులో గాలి అరవై పీఎస్ఐ ఉండాలి, మామూలు టైరుకు దాదాపు రెట్టింపు. ఏళ్ళ తరబడి ఎవరూ చూడక అది సగం దిగిపోయి ఉంటుంది, అందుకే వేసవిలో ఒకసారి, చలికాలం ముందు ఒకసారి కొట్టించుకోవాలి. ముందు చక్రాలు లాగే బండికి ముందు చక్రం చెడితే, వెనకది ఒకటి ముందుకు మార్చి, డోనట్‌ను వెనక వేయాలి. రెండు జాకీ పనులు అవుతాయి, అవనీయండి. మంచులో లాగే చక్రం, తిరిగే చక్రం మంచిదై ఉండాలి. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే సైజు తేడాకు గేర్ల పెట్టె దెబ్బతింటుంది, మాన్యువల్ చదవకుండా దూరం పోవద్దు. మన పిల్లల్లో కొందరు నెలల తరబడి ఆ సన్న చక్రం మీదే గోదాము డ్యూటీలకు తిరుగుతున్నారు. అది రిపేరు షాపుదాకా చేర్చడానికి ఇచ్చిన చక్రం, అంతవరకే.

నట్లు నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించాలి. చక్రం మార్చి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ టార్క్ రెంచితో చూసుకోవాలి. ఇది ఎవరో చాదస్తానికి చెప్పిన మాట అనుకోకండి. 1990లలో ఒంటారియో హైవేల మీద లారీల చక్రాలు ఊడి ఎగిరి వచ్చి, ఎదురొచ్చే కార్లలోని మనుషులు చచ్చిపోయారు. ఆ తర్వాత 1997లో ప్రావిన్సు కఠినమైన చట్టం తెచ్చింది. వాణిజ్య వాహనం చక్రం ఊడిందంటే సాకులేవీ చెల్లవు, జరిమానా యాభై వేల డాలర్ల దాకా ఉంటుంది. అందుకే మన ఊళ్ళో పంజాబీ లారీ డ్రైవరును తెల్లవారుజామున చూడండి. టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు, ప్రతి నట్టు కిందా తుప్పు చార ఉందేమోనని చూస్తాడు, ఎందుకంటే నట్టు వదులైతే అక్కడ తుప్పు కారుతుంది. ఆ తనిఖీ అతనికి చట్టం పెట్టిన పని. కారు మనకూ అలాంటి బండే, దాని చుట్టూ వారానికోసారైనా ఎందుకు తిరగం?

ఈ కాలంలో మేలు లేదని నేననను. ట్యూబ్‌లెస్ టైరు మేకు దిగినా వెంటనే చతికిలబడదు. గాలి తగ్గితే లైటు వెలుగుతుంది. 401 లాంటి హైవే పక్కన, లారీలు దూసుకుపోతుంటే దిగి చక్రం మార్చవద్దని చెప్పడం సరైన మాటే, అక్కడ నేనూ మార్చను. టో ట్రక్కుల వాళ్ళ దౌర్జన్యాలు ఇక్కడ ఎంతదాకా పోయాయో పేపర్లలో చదివాం. 2024 నుంచి వాళ్ళకు ప్రావిన్సు సర్టిఫికేట్ తప్పనిసరి అయింది, బండి లాగే ముందు మన అంగీకారం తీసుకోవాలి. ఇవన్నీ మంచివే. కానీ మైనస్ పదిహేనులో రాత్రి షిఫ్టు దిగిన పిల్లకు పార్కింగ్ లాట్‌లో టో ట్రక్కు కోసం రెండు గంటలు నిలబడటమే దారి అంటే నేను ఒప్పుకోను. మర్నాడు షిఫ్టుకు వెళ్ళకపోతే ఆ రోజు జీతం పోతుంది. అద్దె మాత్రం ఆగదు.

అందుకని నేను అడిగేవి ఇవి. కారు కొనేటప్పుడు స్టెప్నీ అడగండి. లేదంటే ఆ మోడల్‌కు సరిపోయే స్పేర్, జాకీ, స్పానర్ కొని డిక్కీలో పెట్టమని బేరంలోనే చెప్పండి. లాక్ నట్ల తాళం ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. వింటర్ టైర్లను విడి రిమ్ములతో కొనండి, ఒంటారియోలో 2016 నుంచి వాటికి ఇన్సూరెన్స్‌లో తగ్గింపు ఇవ్వాలి కూడా. అప్పుడు ఏ కాలంలోనైనా గ్యారేజీలో నాలుగు నిండు చక్రాలు ఉంటాయి. ఒకటి చెడితే నాలుగూ మార్చి, రిమ్ము వచ్చేదాకా మెల్లగా పనులు చక్కబెట్టుకోవచ్చు. మన తెలుగు సంఘాలు కొత్తగా వచ్చిన పిల్లలకు పన్నుల ఫైలింగ్ చూపిస్తున్నాయి, ఉద్యోగాలకు రెజ్యూమే దిద్దుతున్నాయి. వేసవి పిక్నిక్‌లో ఓ గంట పార్కు పార్కింగ్‌లోనే ఒక కారు ఎత్తి, వచ్చిన ప్రతి అబ్బాయితో, ప్రతి అమ్మాయితో ఒక్కసారి చక్రం ఊడదీయించి బిగించమనండి. జాకీ నేను తెస్తాను, నేర్పడానికి నాలాంటి వాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాం.